పేపరు మడత విప్పే హక్కు

మా ఊరి టీ హోటల్లో పొద్దున వచ్చే పేపరు మడతని నేను వెళ్ళేదాకా ఎవరూ విప్పేవారు కారు. చదివేవారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఈ ఊళ్ళో మా వంశానికి ఉండే మర్యాదలన్నీ ఒకటొకటిగా పోగా చివరికి మిగిలినది ఇదొక్కటేనని తెలిస్తే అంత చిన్నదిగా కనిపించదు.

మాది వేదం చెప్పుకున్న కుటుంబం. మలికిపురం వెళ్ళే రోడ్డు దిగి కాలవ గట్టు పట్టుకుంటే మా లోగిలి. మా ముత్తాతగారి రోజుల్లో ఆ గుమ్మం ముందునుంచి చెప్పులతో నడిచినవాడు లేడని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. అందులో గొప్పేమీ లేదని ఊళ్ళో మిగతావాళ్ళకి మొదటినుంచీ తెలుసు. భూములు కోర్టుల పాలయ్యాయి. మా తాతగారికీ ఆయన తమ్ముడికీ ఒక కొబ్బరితోట గట్టు దగ్గర తగాదా వచ్చింది. ఆ గట్టు ఎవరిదో తేలేలోపల ఆ తోటా, దాని పక్క తోటలూ, వాటికి అవతల ఉన్న పొలాలూ వకీళ్ళకి చేరిపోయాయి. గట్టు మాత్రం మాదేనని తీర్పు వచ్చింది.

ఇప్పుడు లోగిలిలో సగం నాది. తక్కిన సగం రొయ్యల మేత గోడౌను. వేదపాఠం జరిగిన సావిట్లో మేత బస్తాలు పేర్చి ఉంటాయి. ఎండ ముదిరితే ఆ వాసన గోడ దాటి నా పడక గదిలోకి వస్తుంది. చుట్టాలు వచ్చి ముక్కు మూసుకుంటే, ఎందుకు మూసుకున్నారో తెలియనట్టు నేను వాళ్ళ ఆరోగ్యం అడుగుతాను.

గుళ్ళో మొదటి తీర్థం ఇప్పుడు రొయ్యల చెరువుల ఆసామికి ఇస్తున్నారు. స్వామివారి కల్యాణంలో పీటల మీద కూర్చునేది కూడా ఆయనే. జూనియర్ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయ్యాను కనక ఊరంతటికీ నేను మేస్టారిని. మా నాన్నగారిని పిలిచినట్టు నన్ను అయ్యగారూ అని పిలిచేది ఒక్క హోటలాయన.

ఇక పేపరు సంగతి. ఈ ఊరికి మొదట పేపరు తెప్పించింది మా తాతగారు. పడవ మీద ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. సాయంత్రం ఆయన అరుగు మీద పడక్కుర్చీలో కూర్చుని పైకి చదివేవారు. కింద వాకిట్లో జనం నిలబడి వినేవారు. ఢిల్లీ అయినా, చైనా అయినా, కరువైనా, ఎన్నికలైనా ఈ ఊరికి ఆయన గొంతులోంచే వచ్చాయి. ఆయనకి నచ్చిన నాయకుడి ఉపన్యాసం రెండుసార్లు చదివేవారు. నచ్చనివాడు చచ్చిపోతే తప్ప చదివేవారు కారు. భూమి మీద పరిమితి పెట్టే చట్టం వచ్చినరోజున ఆయన వాతావరణం గురించి చదివి పేపరు మడిచేశారట. మా అరుగు కింద నిలబడి వినేవాళ్ళకి సంబంధించినంతవరకు దేశంలో ఆ చట్టం చాలాకాలం రాలేదు.

ఆ అరుగు అమ్మేసిన సగంలోకి పోయింది. నేను హోటలుకి వెళ్ళి పేపరు చదవడం మొదలుపెట్టాను. హోటలాయన తండ్రి మా వాకిట్లో నిలబడి విన్నవాడు. ఆ జ్ఞాపకంతోనో ఏమో, హోటలాయన పొద్దున్నే పేపరు తీసుకుని గల్లాపెట్టె పక్కన పంచదార డబ్బా కింద పెట్టేవాడు. ఎవరైనా చెయ్యి చాస్తే, "ఆగండి బాబూ, అయ్యగారు రావాలండి" అనేవాడు. నేను వెళ్ళి, మడత విప్పి, పెద్ద అక్షరాలు పైకి చదివి, అప్పుడు కాగితాలు విడదీసి పంచేవాణ్ణి. క్రికెట్ కాగితం ఒకరికి, సినిమాలది ఇంకొకరికి. ధరల కాగితం కొబ్బరి దలాలుకి. ఈ దలాలు అంబాజీపేటనుంచి ఉత్తరాదికి లారీలు పంపే మనిషి. ఊళ్ళో వెటకారానికి ఆయన తరవాతే ఎవరైనా.

"మేస్టారూ, ఢిల్లీలో మనకి పనికొచ్చేది ఏవైనా రాసేడా ఇవాళ?" అని అడిగేవాడు రోజూ.

"మీకు పనికొచ్చేది రాయాలంటే ఢిల్లీలో కొబ్బరి చెట్టు ఉండాలండీ" అనేవాణ్ణి.

"ఆయ్, లేకపోబట్టే కదండీ మన కాయ కొంటన్నారు."

ఇలా నడుస్తూండగా రోడ్డుకి అవతలివైపు ఇంకో హోటలు వెలిసింది. వాళ్ళు గోడకి పెద్ద టీవీ పెట్టారు. వారం తిరక్కుండా మా హోటలాయన అంతకన్నా పెద్దది తెచ్చాడు. దేవుడి పటాలు పక్కకి జరిపి దాన్ని నడిమధ్య బిగించి, దానికీ ఒక దండ వేశాడు. అప్పుడు సరిహద్దులో ఏదో గొడవ నడుస్తోంది. టీవీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా సైరన్లు మోగుతూనే ఉండేవి. ఎర్రటి పట్టీల మీద అక్షరాలు ఉరుకులు పరుగులు పెట్టేవి. నేను మడత విప్పి చదువుతూంటే నా వైపు చూసేవాళ్ళు తగ్గారు. నేను చదివే వార్త వాళ్ళు ముందురోజు సాయంత్రమే చూసేశారు. ఒకరోజు పేపరు అంచు మీద వేలి ముద్ర కనిపించింది. ఎవరో మడత విప్పకుండా లోపలికి తొంగిచూశారు.

ఆ రోజుల్లోనే మా చెల్లెలి కూతురు వచ్చింది. విశాఖపట్నంలో మానవశాస్త్రం చదువుతోంది. వార్తలు చూసే జనం తమని తాము ఒక దేశంగా ఎలా అనుకుంటారో రాయాలట. అందుకు మా ఊరి హోటలు కావలసివచ్చింది.

"మానవశాస్త్రం వాళ్ళు కొండల్లోకి వెళ్ళి తెగల్ని చూస్తారు గదమ్మా. ఇక్కడేముంది?" అన్నాను.

"టీవీ ముందు కూర్చున్నవాళ్ళు కూడా తెగే మావయ్యా. వాళ్ళకీ ఒక క్రతువు ఉంటుంది, ఒక సమయం ఉంటుంది, ఒక శత్రువు ఉంటాడు" అంది. "మీరు టీవీ చూడకండి. టీవీ చూసేవాళ్ళని చూడండి."

హోటల్లో ఒక మూల కూర్చుని ఫోను ముందు పెట్టుకుని అందరినీ పలకరించేది. ఒకరోజు దలాలు గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి, "మొత్తానికి మనం నిన్న గట్టిగా ఇచ్చేం కదండీ!" అన్నాడు.

"ఎవరికి బాబాయిగారూ?" అని అడిగింది.

"వాళ్ళకమ్మా!"

"ఎక్కడ?"

"అదుగో, అక్కడ." టీవీలో మూడు పొగ మేఘాల్ని చూపించాడు.

"మీరెప్పుడైనా అటు వెళ్ళేరా?"

"నాకెందుకమ్మా అటు? నా లోడు ఇండోరు దాకా పోతే చాలు."

ఇంటికొచ్చాక ఆ పిల్ల అడిగిన తీరు నన్ను ఆలోచనలో పడేసింది. ఆ దలాలుకి దేశం చాలా తెలుసు. ఏ ఊళ్ళో ఏ పండక్కి కాయ రేటు లేస్తుందో తెలుసు, ఏ చెక్‌పోస్టు దగ్గర డ్రైవరు నిద్రపోతాడో తెలుసు. హిందీలో బేరమాడతాడు, మరాఠీలో తిడతాడు. దాన్ని మాత్రం ఆయన దేశం అనడు, వ్యాపారం అంటాడు. తెరమీద మ్యూజిక్కుతో వచ్చేదాన్నే దేశం అంటాడు. మా తాతగారి వాకిట్లో నిలబడ్డవాళ్ళు కూడా అంతేనేమో. వాళ్ళు దున్నే నేల దేశం అని ఆయన వాళ్ళకి చదివి వినిపించలేదు.

ఇంతవరకు నాకు మానవశాస్త్రం బాగానే నచ్చింది. ఆ మర్నాడు భోజనాల దగ్గర ఆ శాస్త్రం నావైపు తిరిగింది.

"మీ పేపరు మడత గురించి హోటలాయన్ని అడిగేను మావయ్యా."

"ఏమన్నాడు? మా తాతగారి సంగతి చెప్పాడా?"

"చెప్పేరు. అసలు సంగతి కూడా చెప్పేరు." మజ్జిగ పోసుకుని చెప్పేసింది. "మీరొచ్చేదాకా మడత విప్పకపోతే జనం అలాగే కూర్చుంటారట. మీరు ఆలస్యం చేస్తే ఒక్కొక్కరూ ఇంకో టీ తాగుతారట. అందుకే మిమ్మల్ని ఎప్పుడూ పెందరాళే రమ్మనలేదట."

నేను కంచం పక్కకి జరిపాను.

"బాధపడకండి. సంప్రదాయాలన్నిటికీ ఇలాంటి కారణం ఒకటి అడుగున ఉంటుంది" అంది.

"మా సంప్రదాయాలకి ఉండదు" అన్నాను.

"సరే. కాని ఇప్పుడు జనాన్ని టీవీ కూర్చోబెడుతోంది. ఆయనకి ఇంక మడతతో పనిలేదు. మీరే చూసుకోండి మరి."

ఆ పిల్ల ఆ వారమే వెళ్ళిపోయింది. నేను మర్నాటినుంచి హోటలుకి పావుగంట ముందే వెళ్ళడం మొదలుపెట్టాను. అలా చేస్తే హోటలాయనకి నష్టమని తెలిసీ చేశాను. పంచదార డబ్బా కింద పేపరు కనబడేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు. గుడీ, పీటలూ, పిలుపూ పోయినా బతికాను. ఇది పోతే నేను ఈ ఊళ్ళో గోడౌను పక్కింటాయన్ని అవుతాను.

అలాంటప్పుడు టీవీవాళ్ళు వచ్చారు.

వ్యాను నెత్తిన గొడుగు తిరగేసినట్టు డిష్షు. ఊరూరూ తిరిగి, దేశం ఏమనుకుంటోందో అడిగి చూపించే కార్యక్రమమట. హోటలు బిల్డింగు సిమెంటుది. వాళ్ళతో వచ్చిన కుర్ర విలేఖరికి అది నచ్చలేదు. బల్లలన్నీ పెరట్లోకి మోయించి కొబ్బరి చెట్లకి ఎదురుగా వేయించాడు. "కోనసీమంటే వెనకాల చెట్లుండాలండి, లేకపోతే ఎక్కడో అనుకుంటారు" అన్నాడు.

"చెట్లు కేరళలోనూ ఉంటాయి బాబూ. కాయల లారీని పెట్టుకో, మేవే అని తెలుస్తాది" అన్నాడు దలాలు.

లారీ వద్దన్నాడు.

నేను అప్పటికప్పుడు ఇంటికి వెళ్ళి మా తాతగారి పట్టంచు ఉత్తరీయం వేసుకుని వచ్చాను. దేశం నన్ను చూడాలన్న కోరికేమీ నాకు లేదు. టీవీలో మొదటిమాట నాది అయితే, ఆ టీవీ వల్ల పోబోతున్న హక్కు దాని చేతనే నిలబడుతుందనుకున్నాను. హోటలాయన కూడా నావైపే మాట్లాడాడు. "ముందు అయ్యగారు మాట్లాడాలండి. మా ఊళ్ళో వరస అదండి."

విలేఖరి నన్ను ఎగాదిగా చూశాడు. "పెద్దాయనా, ఆ కండువా తీసేసి ఈ తువ్వాలు వేసుకుంటారా? కొంచెం నేటివిటీ వస్తుంది."

"నేను ఇక్కడ పుట్టినవాణ్ణి. అది నాకు కొత్తగా రావక్కరలేదు."

"సరే కూర్చోండి." ప్లాస్టిక్ కుర్చీ చూపించాడు. దాని కాలు ఒకటి ఇసకలోకి దిగబడి నేను పక్కకి ఒరిగాను. మైకు నా మూతి దగ్గరికి వచ్చింది. "చెప్పండి పెద్దాయనా! ఒక భారతీయుడిగా ఈ క్షణంలో మీ రక్తం మరుగుతోందా, లేదా?"

"రక్తం సంగతి తరవాత. అసలు ఈ ఊరికి వార్త అనేది ఎలా వచ్చిందో ముందు చెబుతాను. మా తాతగారు..."

"షార్టుగా పెద్దాయనా, షార్టుగా!"

అప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. ఒరిగిన కుర్చీలోంచి లేచి చెయ్యి పైకెత్తాను. పెద్దాయన అన్నది ఎవరిని అనాలో, ఎవరిని అనకూడదో చెప్పాను. మాట మధ్యలో అందుకోవడం మా వాకిట్లో ఏ కాలంలోనూ లేదని చెప్పాను. భాషలో గౌరవవాచకాలు ఎందుకున్నాయో కాలేజీలో చెప్పినట్టే వివరంగా చెప్పాను. విలేఖరి నన్ను ఆపలేదు. పైగా కెమెరా కుర్రాడికి "దగ్గరికి, ఇంకా దగ్గరికి" అని సైగ చేశాడు. నా ధాటికి జంకాడనుకున్నాను.

సాయంత్రం హోటలు నిండిపోయింది. టీవీలో కొబ్బరి చెట్లు ఊగాయి, డప్పులు మోగాయి. ఆ తరవాత తెర నిండా నా ముఖం కనిపించింది. ఎత్తిన చెయ్యి, ఎర్రబడ్డ కళ్ళు, వణికే పెదాలు అన్నీ ఉన్నాయి. నా గొంతు ఒక్కటి లేదు. దానికి బదులు విలేఖరి గొంతు వచ్చింది. శత్రువు పేరు వింటేనే కోనసీమ పల్లెలు ఎలా ఉడికిపోతున్నాయో చెప్పాడు. కింద ఎర్ర పట్టీ మీద ‘రగిలిపోతున్న రైతన్న’ అని వచ్చింది.

జనం చప్పట్లు కొట్టారు. హోటలాయన, "భలే పడ్డారండి అయ్యగారూ!" అన్నాడు. దలాలు మాత్రం చప్పట్లు కొట్టలేదు. చాలా గంభీరంగా నా దగ్గరికి వచ్చాడు.

"పొలం ఎప్పుడు కొన్నారండీ మేస్టారూ? మాటైనా చెప్పలేదు. రిజిస్ట్రేషను అయిపోయిందా?"

"వాళ్ళు పొరపాటు వేశారు. నేను మాట్లాడింది మర్యాద గురించి."

"ఆయ్, మర్యాదగానే రగిలేరండి. చూసేం కదా."

ఆ రాత్రి ఎలాగో గడిచింది. పొద్దున హోటలుకి వెళ్ళేసరికి పంచదార డబ్బా కింద ఏమీ లేదు.

పేపరు అప్పటికే ఆకులు ఆకులుగా విడిపోయి ఊరంతా పాకింది. ఆ టీవీవాళ్ళదే ఆ పేపరు. జిల్లా పేజీలో నా బొమ్మ వేశారు. అది చూడాలంటే మడత విప్పక తప్పదు. ముందు ఎవరు విప్పారని అడిగితే ఎవరికీ తెలియలేదు. అందరూ కలిసి విప్పారట. అంత సంతోషంలో ఒక్కడికి కూడా నేను గుర్తు రాలేదు. వాళ్ళు ఎదురుచూసిన మనిషి బొమ్మలో ఉన్నాడు. హోటలాయన ఆ బొమ్మని కత్తిరించి టీవీ పక్కన అంటించాడు. ఆ పేజీ నా చేతికి కిటికీ తీసినట్టు ఒక కన్నంతో వచ్చింది. ఆ కన్నంలోంచి దలాలు ముఖం కనబడింది.

"రైతుగారొచ్చేరు! కుర్చీ వెయ్యండి!" అన్నాడు.

నేను కూర్చోలేదు.

మర్నాటినుంచి పేపరు ఇంటికి వేయించుకున్నాను. ఇంట్లో కుర్చీలో కూర్చుని మడత విప్పాను. నాకన్నా ముందు విప్పేవాడు లేడు, తరవాత విప్పేవాడూ లేడు. పెద్ద అక్షరాలు పైకి చదివాను. గోడ అవతల మేత బస్తాలు దించుతున్న చప్పుడు తప్ప ఏ జవాబూ రాలేదు. ధరల కాగితం విడదీసి పక్కన పెట్టాను, అలవాటు కొద్దీ. అది సాయంత్రం దాకా అక్కడే ఉంది. ఇలా కొన్నాళ్ళు చదివాను. వార్తలన్నీ ఉన్నాయి గాని, అవి ఎవరికి జరుగుతున్నాయో తెలిసేది కాదు.

ఈలోగా బజార్లో నన్ను ఆపి పలకరించేవాళ్ళు ఎక్కువయ్యారు. మలికిపురంలో మందుల షాపులో నా ముందున్నవాళ్ళు పక్కకి తప్పుకుని, "ముందు రైతుగారికి ఇయ్యండి" అన్నారు. మా ముత్తాతగారి తరవాత మా ఇంట్లో ఎవరికీ అంత దారి వదిలినవాళ్ళు లేరు. నేను కాదని చెప్పబోయాను. వెనక జనం చాలామంది ఉన్నారు. మందులు తీసుకుని వచ్చేశాను.

ఒక మధ్యాహ్నం హోటలాయన మా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయిపోయిందండి అయ్యగారూ. ఆవేళ తమరి బొమ్మ చూద్దావన్న ఆత్రంలో మడత సంగతి మర్చిపోయేం."

"పరవాలేదు. ఇప్పుడు టీవీ ఉంది కదా."

"టీవీ ఎదరోడికీ ఉందండి." గొంతు తగ్గించాడు. "మన బొమ్మ చూసి పొరుగూళ్ళనుంచి మనుషులు వస్తన్నారండి. ఐ.పోలవరంనుంచి కూడా వచ్చేరు. రైతుగారేరీ, రైతుగారేరీ అని అడుగుతన్నారు. ఎదరోడికి మీరు లేరు కదండీ. రేపట్నుంచి పేపరు మళ్ళీ డబ్బా కిందే పెడతాను. తమరొచ్చి విప్పాలి. ఆ కాసేపూ టీవీ కట్టేస్తానండి."

ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా గుమ్మంలో నిలబడి ఉంది.

"విప్పవలసింది నేనా, ఆ రైతా?" అని అడిగాను.

హోటలాయన మర్యాద తప్పని మనిషి.

"ఇద్దరూ రండి బాబూ. ఇద్దరికీ టీ ఇస్తాను" అన్నాడు.

మర్నాడు వెళ్ళాను. కావాలనే ఆలస్యంగా వెళ్ళాను. బల్లలన్నీ నిండి ఉన్నాయి, ముఖాలు చాలావరకు కొత్తవి. టీవీ నల్లగా ఉంది. పేపరు డబ్బా కింద ఉంది, మడత చెదరలేదు. నేను లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. కూర్చున్నవాళ్ళలో కొందరు లేచి నిలబడ్డారు. నేను పేపరు అందుకుని, మడత విప్పి, పెద్ద అక్షరాలు పైకి చదివాను. అందరూ విన్నారు. మా తాతగారికి కూడా అంతమంది విని ఉండరు.

కాగితాలు పంచబోతూంటే, కొత్తవాళ్ళలో ఒకతను దండం పెట్టి నిలబడ్డాడు. "రైతుగారండీ, తమరు పండించే మనిషి. ఈ ఏడు కొబ్బరికి రేటు ఉంటాదంటారా?"

నాకు ఉన్నది ఒక గట్టు. దాని మీద ఒక్క చెట్టు కూడా లేదు. దలాలు గ్లాసు మూతి దగ్గర పట్టుకుని, తాగకుండా, నావైపే చూస్తున్నాడు. ధరల కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.

"పైవాళ్ళు మన రైతుల్ని పట్టించుకుంటే ఉంటుంది" అన్నాను. "ఎన్నాళ్ళని ఓర్చుకుంటాం మనం?"

"ఆయ్" అన్నాడు దలాలు, ఎంతో వినయంగా.

ఆ కొత్తమనిషి గబగబా ఫోను తీసి నాకేసి పట్టాడు. "ఆ మాట ఇంకోసారి అనండి రైతుగారూ. మొన్న టీవీలో ఉన్నట్టు, కూసింత కోపంగా."

హోటలాయన బల్లలన్నిటికీ రెండో టీ పంపిస్తున్నాడు. నేను లేచి నిలబడి, ఉత్తరీయం సర్దుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.